సెలైన్ ఎక్కించగానే లేచి గంతులేసిందంటే, అక్కడే అనుమానపడాలి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాలుగేళ్ళ ఆడ పోర్చుగీస్ వాటర్ డాగ్, 19 కిలోలు. మూడు వారాలుగా ఒకరోజు తింటుంది, ఒకరోజు ముట్టుకోదు. మధ్యమధ్యలో వాంతి. మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్ళు వణుకుతున్నాయి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే గ్యాస్ట్రిక్ సమస్య అని సెలైన్ పెట్టి రెండు ఇంజెక్షన్లు చేశారు, సాయంత్రానికల్లా బంతి నోట కరుచుకుని వచ్చింది, వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. దీనికి తోడు చెవుల్లోంచి వాసన. మళ్ళీ అదే ఇంజెక్షన్ చేయించాలా, కడుపుకి ఇంట్లో ఏ టాబ్లెట్ ఇవ్వచ్చు, చెవిలో ఏ చుక్కలు వేయాలి, ఈత మానిపించాలా అని అడిగారు.

నాలుగింటికీ జవాబు చెప్తాను గానీ మీరు అడిగిన వరసలో చెప్పలేను. మీ మొదటి ప్రశ్న తేలకుండా చెవి చుక్కల సంగతి చెప్తే, ఆ చుక్కలే రేపు చేయించాల్సిన పరీక్షను పాడుచేసే ప్రమాదం ఉంది. ఎలాగో కింద చెప్తాను.

నేను డాక్టర్ని కాదు. పదిహేడేళ్ళుగా ఈ జాతి కుక్కల్నే పెంచుతున్నాను, ఇప్పుడున్నది మూడోది. రెండోదానికి మీరు చెప్పిన లక్షణాలే వచ్చాయి, అది అడిసన్స్ వ్యాధి అని తేలడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. అందుకే మీ మాటల్లో "సెలైన్ ఎక్కించాక మామూలైపోయింది" అన్న ముక్క దగ్గరే ఆగిపోయాను.

కిడ్నీల పైన చిన్న చిన్న అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. ముఖ్యంగా రెండు హార్మోన్లు అక్కడే తయారవుతాయి. ఒకటి కార్టిసాల్, ఒంటికి ఏ కష్టమొచ్చినా తట్టుకునే శక్తినిచ్చేది. రెండోది ఆల్డోస్టెరాన్, ఒంట్లో సోడియం నిలబెట్టి పొటాషియంను మూత్రంలో బయటికి పంపేది. కొన్ని కుక్కల్లో సొంత రోగనిరోధక వ్యవస్థే ఈ గ్రంథుల మీద పడి మెల్లగా తినేస్తుంది. అదే అడిసన్స్. సోడియం కారిపోతుంది, పొటాషియం పేరుకుపోతుంది, రక్తపోటు పడిపోతుంది. గ్రంథి ఒక్కరోజులో పోదు కాబట్టి జబ్బు వచ్చిపోతూ ఉంటుంది. ఇంటికి చుట్టాలొచ్చినా, ప్రయాణం చేసినా, నాలుగు రోజులు వేరేచోట వదిలివచ్చినా ముదురుతుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటే సర్దుకుంటుంది. మనమేమో తిన్నదేదో పడలేదులే అనుకుంటాం.

ఇప్పుడు సెలైన్ సంగతి చూడండి. అందులో ఉన్నది ఉప్పు నీళ్ళే. సోడియం అందుతుంది, పొటాషియం పలచబడుతుంది, రక్తపోటు లేస్తుంది. దాంతోపాటు చేసిన ఇంజెక్షన్లలో డెక్సామెథసోనో ప్రెడ్నిసొలోనో, అంటే స్టెరాయిడ్, ఉంటే, లేని కార్టిసాల్‌కు బదులు కూడా దొరికినట్టే. అంటే జబ్బేంటో తెలియకుండానే సరిగ్గా ఆ జబ్బుకే ఒక పూట వైద్యం జరిగిపోయింది. కుక్క లేచి బంతి తెచ్చింది. ఆ మందు దిగిపోగానే మళ్ళీ పడుకుంది. మామూలు కడుపు నొప్పి తగ్గితే తగ్గిపోతుంది, ఇలా గడియారం పెట్టినట్టు వెనక్కి రాదు.

అడిసన్స్ అని నేనిక్కడ కూర్చుని తేల్చేయడం లేదు. ప్యాంక్రియాస్ వాపు కావచ్చు. పేగుల్లో పురుగులు కావచ్చు. ఈ జాతికి ఏది దొరికినా నోట్లో పెట్టుకునే అలవాటు కాబట్టి గుడ్డముక్కో బొమ్మముక్కో మింగి పేగులో సగం అడ్డుపడి ఉండొచ్చు, దానికీ లక్షణాలు వచ్చిపోతూనే ఉంటాయి, ఎక్స్‌రే తీయించడం తప్పు కాదు. కానీ ఈ వ్యాధి ఎక్కువగా కనిపించే జాతుల్లో పోర్చుగీస్ వాటర్ డాగ్ ఒకటి, స్టాండర్డ్ పూడుల్ ఇంకోటి. లాబ్రడార్‌కు ఈ లక్షణాలొస్తే డాక్టర్ ఆలోచించే వరసలో అడిసన్స్ ఎక్కడో కింద ఉన్నా ఫర్వాలేదు. మనదానికి అది మొదటి మూడింట్లో ఉండాలి. డాక్టర్లందరూ ఈ జాతిని రోజూ చూడరు, కాబట్టి ఆ మాట మనమే నోరు తెరిచి అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, నేను పడ్డాను.

ఆ రెండోది, మా మణి, కథ కొంచెం చెప్తాను, ఎందుకంటే అందులో మీరు ఇవాళే ఇంట్లో చూసుకోగలిగింది ఒకటుంది. దానికి అప్పుడు అయిదేళ్ళు. రెండు నెలల్లో నాలుగుసార్లు అదే సెలైన్, అదే ఇంజెక్షన్. ప్రతిసారీ తగ్గింది కదా అని నేనే "పోయినసారి చేసినదే చేయండి" అని అడిగేవాణ్ణి. నాలుగోసారి తర్వాత ఒక రాత్రి అది నా మంచం పక్కన పడుకుని లేవలేదు. చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి, పాదాలూ అంతే. తొడ లోపలివైపు వేలు పెట్టి నాడి లెక్కపెట్టాను. జబ్బుతో అంత నీరసంగా ఉన్న కుక్కకి నాడి పరుగెత్తాలి. దానికి నిమిషానికి 48 కొట్టుకుంటోంది. లెక్క తప్పానేమో అని గడియారం వెలుతురులోకి తిప్పుకుని మళ్ళీ లెక్కపెట్టాను, మళ్ళీ 48. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి మోసుకెళ్తే, అక్కడున్న యువ డాక్టర్ నాడి చూసి, జాతి పేరు అడిగి, వెంటనే పొటాషియం పరీక్షకి రక్తం తీశారు. పొటాషియం బాగా పెరిగితే గుండె నెమ్మదిస్తుంది. ఒంట్లో నీళ్ళు తగ్గి, నీరసపడి, అయినా గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందంటే చూసేవాళ్ళకి అదే పెద్ద గుర్తు.

అందుకని ఇవాళ మీ పాప పడుకున్నప్పుడు వెనక కాలి తొడ లోపల, పైన ఒంటికి కలిసేచోట రెండు వేళ్ళు మెత్తగా ఆనించి చూడండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఈ సైజు కుక్కకి విశ్రాంతిలో సుమారు 70 నుంచి 120 మధ్య ఉంటుంది, గాఢ నిద్రలో ఇంకొంచెం తగ్గుతుంది. డల్‌గా ఉన్నప్పుడు 60 కంటే తక్కువ వస్తే, లేదా చిగురు మీద వేలితో నొక్కి వదిలాక మళ్ళీ గులాబీ రంగు రావడానికి రెండు సెకన్లు దాటితే, పొద్దుటిదాకా ఆగకండి. నాడి బాగానే ఉంటే అడిసన్స్ లేదని మాత్రం కాదు, అప్పటికి అంత ముదరలేదని మాత్రమే.

పరీక్షల విషయానికొస్తే, మొదట మామూలు రక్తపరీక్షతోపాటు ఎలక్ట్రోలైట్లు, అంటే రక్తంలోని సోడియం, పొటాషియం లాంటి లవణాలు, అడగండి. ప్యానెల్‌లో ఒక్కోసారి అవి ఉండవు, విడిగా అడగాలి. సోడియంను పొటాషియంతో భాగిస్తే వచ్చే అంకె మామూలుగా 27కి పైన ఉంటుంది, అంతకంటే తగ్గితే అనుమానం బలపడుతుంది. అయితే కొరడా పురుగులు అనే పేగు పురుగుల వల్ల కూడా ఈ నిష్పత్తి అచ్చం ఇలాగే పడిపోతుంది కాబట్టి మలపరీక్ష కూడా అదే రోజు చేయించండి. ఇంకో మెలిక, కొన్ని కుక్కలకి ఎలక్ట్రోలైట్లు సవ్యంగానే ఉండి కార్టిసాల్ ఒక్కటే పడిపోతుంది. వాటికి ఎలక్ట్రోలైట్ల రిపోర్టు చూసి అడిసన్స్ లేదనేస్తే పొరపాటు. అందుకే రెండోది, విశ్రాంతి కార్టిసాల్. ఒక్క రక్తపు గొట్టం చాలు. డెసిలీటరుకి 2 మైక్రోగ్రాములు దాటితే అడిసన్స్‌ను దాదాపు పక్కన పెట్టేయొచ్చు. అంతకంటే తక్కువ వస్తే ఉన్నట్టు కాదు, ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథి చేత కార్టిసాల్ తయారుచేయించే హార్మోన్) పరీక్ష చేయాలని అర్థం. అందులో ఒకసారి రక్తం తీసి, ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి, గంట తర్వాత మళ్ళీ తీస్తారు. గ్రంథి బతికుంటే రెండో అంకె ఎగబాకుతుంది. లేకపోతే రెండూ నేల మీదే ఉంటాయి. మణికి రెండుసార్లూ 1 కంటే తక్కువే వచ్చింది.

మామూలు రక్తపరీక్షలోనే ఇంకో చిన్న ఆధారం దొరుకుతుంది, చాలామంది చూడరు. అంత జబ్బుగా ఉన్న కుక్కకి కార్టిసాల్ పెరిగి లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) తగ్గాలి. అవి మామూలుగానో ఎక్కువగానో ఉన్నాయంటే, ఒత్తిడిలో పెరగాల్సిన కార్టిసాల్ ఎక్కడికి పోయింది అని ప్రశ్న వేసుకోవాలి.

ఇంకొకటి, ఇది వినండి. అడిసన్స్‌లో ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి కిడ్నీలకి రక్తం సరిగా అందక యూరియా, క్రియాటినిన్ పెరుగుతాయి. రిపోర్టు చూడగానే కిడ్నీలు పోయాయి అనిపిస్తుంది. అలా చెప్పి ఇక కష్టమని చేతులెత్తేసిన కుక్కలు అడిసన్స్ మందులతో ఏళ్ళ తరబడి బతికిన సందర్భాలు ఈ జాతి పెంచేవాళ్ళలో చాలామందికి తెలుసు. ఎవరైనా మీకు ఆ మాట చెప్తే, పొటాషియం, కార్టిసాల్ చూశారా అని అడగకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదీ. అదే ఇంజెక్షన్ మళ్ళీ వద్దు, పరీక్షకి రక్తం తీసేదాకా వద్దు. ప్రెడ్నిసొలోన్ ఒంట్లో ఉంటే పరీక్ష దాన్ని కూడా కార్టిసాల్‌గానే లెక్కపెడుతుంది, అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. డెక్సామెథసోన్‌ను అలా లెక్కపెట్టదు గానీ గ్రంథి మీద ప్రభావం ఉంటుంది. దురదకి వేసే దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లయితే వారాల తరబడి గ్రంథిని నిద్రపుచ్చుతాయి, అప్పుడు పరీక్షలో అడిసన్స్ లేని కుక్క కూడా ఉన్నట్టు కనిపించొచ్చు. కాబట్టి పోయినసారి చేసిన రెండు ఇంజెక్షన్ల పేర్లు, డోసు, తేదీ ఆ ఆసుపత్రిలో అడిగి కాగితం మీద రాయించుకోండి. "వాంతికొకటి, బలానికొకటి" అనే జవాబుతో తిరిగి రాకండి, సీసా మీద ఉన్న పేరు కావాలి. ఒక్క మినహాయింపు, కుక్క కుప్పకూలిపోతే పరీక్ష పాడవుతుందని మందు ఆపకూడదు. ప్రాణం నిలబెట్టాక పరీక్ష ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఆ సమయంలో ఏ స్టెరాయిడ్ వాడాలో డాక్టర్లకి తెలుసు.

ఒకవేళ తేలితే భయపడాల్సింది లేదని ముందే చెప్తున్నాను. మందు జీవితాంతం ఉంటుంది, కానీ సరిగ్గా కుదిరిన కుక్క ఈదుతుంది, పరుగెత్తుతుంది, దాదాపు మామూలు ఆయుష్షే బతుకుతుంది. మణి ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది. రెండు హార్మోన్లకీ రెండు మందులు. ఆల్డోస్టెరాన్‌కి బదులు డీఓసీపీ అనే ఇంజెక్షన్, జైకోర్టల్, పెర్కోర్టెన్ అనే పేర్లతో వస్తుంది. లేబుల్ మీద ఉండే డోసు కిలోకి 2.2 మిల్లీగ్రాములు, సుమారు 25 రోజులకోసారి. అంటే మీ 19 కిలోల కుక్కకి 41.8 మిల్లీగ్రాములు. చాలామంది డాక్టర్లు ఇప్పుడు కిలోకి 1.5 దగ్గర మొదలుపెడుతున్నారు, అంటే 28.5. నాకు తెలిసినంతలో చాలా కుక్కలకి తక్కువ డోసే సరిపోయింది. ఎంతతో మొదలుపెట్టినా, మొదటి ఇంజెక్షన్ తర్వాత పదో రోజున, 25వ రోజున ఎలక్ట్రోలైట్లు చూడాలి. పదో రోజు అంకె డోసు సరిపోయిందా అని చెప్తుంది, 25వ రోజు అంకె ఎన్ని రోజులు నిలబడుతోందో చెప్తుంది. ఈ రెండూ కలిపేసి "ఏదో తగ్గింది, డోసు పెంచుదాం" అనేస్తే ఎప్పటికీ కుదరదు.

డీఓసీపీ దొరకనిచోట ఫ్లూడ్రోకార్టిసోన్ టాబ్లెట్ ఉంది. రోజుకి కిలోకి 0.01 నుంచి 0.02 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా. 0.1 మిల్లీగ్రాముల టాబ్లెట్లయితే మీ దానికి రోజుకి రెండు నుంచి నాలుగు. కాలం గడిచేకొద్దీ డోసు పెంచాల్సి రావడం మామూలే. దీనికి కొంత స్టెరాయిడ్ గుణం కూడా ఉంది కాబట్టి కొన్ని కుక్కలకి ప్రెడ్నిసొలోన్ విడిగా అక్కర్లేకపోవచ్చు, డీఓసీపీ వాడితే మాత్రం తప్పనిసరి.

ఆ ప్రెడ్నిసొలోన్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఇక్కడ కావాల్సింది ఒంట్లో లేని కార్టిసాల్‌ను పూడ్చేంత చిన్న డోసు, రోజుకి కిలోకి 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాములు, మీ దానికి 2 నుంచి 4 మిల్లీగ్రాముల మధ్య. అలర్జీకి రాసే డోసు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. చేయి అలవాటులో ఆ డోసే రాసేస్తే, కుక్క రోజంతా నీళ్ళు తాగి ఇల్లంతా మూత్రం పోస్తుంది, ఆకలి తీరదు, రాత్రిళ్ళు రొప్పుతుంది, కండ కరుగుతుంది. అది జబ్బు లక్షణం అనుకుని మనం ఇంకా కంగారుపడతాం. మరీ తగ్గించేస్తే పాత నీరసం, వాంతులు తిరిగొస్తాయి. ప్రయాణం, ఆపరేషన్, టపాసుల మోత, ఇంట్లో గొడవగా ఉండే రోజులు, వీటికి ముందే ఆ రోజుకి డోసు రెట్టింపు చేయమని డాక్టర్లు చెప్తారు. ఎంత, ఎన్ని రోజులు అన్నది ముందే రాయించుకుని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఇంట్లో వేరేవాళ్ళు చూసుకునే రోజు కూడా వస్తుంది కదా. టాబ్లెట్ వేశాక నోరు మూసి పట్టుకుని గొంతు నిమిరి, రెండు నిమిషాలు దాన్నే చూడండి. మణి బుగ్గ లోపల దాచుకుని, సోఫా వెనక్కి వెళ్ళి మెల్లగా వదిలేసేది. ఒకరోజు సోఫా జరిపితే మెత్తబడిన టాబ్లెట్లు ఆరు దొరికాయి. డోసు సరిపోవడం లేదని అప్పటికి వారంగా టెన్షన్ పడుతున్నాం.

ఇప్పుడు చెవులు. ఈ జాతికి చెవి ఆకు వాలి ఉంటుంది, గొట్టం లోపల కూడా వెంట్రుకలుంటాయి, పైగా నీళ్ళంటే ప్రాణం. తడి లోపలే ఉండిపోయి ఈస్ట్ పెరుగుతుంది. గులిమి గోధుమరంగులో, పులిసిన వాసనతో ఉంటే ఎక్కువగా ఈస్ట్, పచ్చగా చీములా ఉంటే బాక్టీరియా. కానీ వాసన చూసి మందు కొనకండి. కాస్త గులిమి గాజుపలక మీద రుద్ది మైక్రోస్కోపులో చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. కర్ణభేరి చిరగలేదని డాక్టర్ లోపలికి చూసి నిర్ధారించాకే ఏదైనా వేయాలి, చిరిగి ఉంటే జెంటామైసిన్, క్లోర్‌హెక్సిడిన్ లాంటివి లోపలి చెవిలోకి వెళ్ళి వినికిడిని దెబ్బతీస్తాయి, తల ఒకవైపుకి వాలిపోతుంది.

ఇక మొదట్లో అన్న మాట. చెవి చుక్కల్లో ఎక్కువశాతం మూడు మందుల కలగలుపు, యాంటీబయాటిక్, ఫంగస్ మందు, వాటితోపాటు స్టెరాయిడ్. ఆ స్టెరాయిడ్ చెవి చర్మం లోంచి రక్తంలోకి ఎక్కి అడ్రినల్ గ్రంథిని అణచగలదు. కార్టిసాల్ పరీక్షకి ముందు రెండు వారాలు ఆ చుక్కలు వేస్తే రిపోర్టును నమ్మలేం. కాబట్టి మొదట రక్తం ఇవ్వండి, ఆ తర్వాత చెవి. ఈలోగా శుభ్రం చేయడం వరకు చాలు. కుక్కల చెవులకనే అమ్మే క్లీనర్ గొట్టం నిండా పోసి, చెవి మొదట్లో గట్టిగా తగిలే గొట్టాన్ని అరనిమిషం మర్దన చేయండి, లోపల పచక్ పచక్ మని శబ్దం రావాలి. వదిలేసి తల విదిలించుకోనివ్వండి, పైకొచ్చిన మురికిని దూదితో తుడవండి. పుల్లలు వద్దు, మురికిని లోపలికి కూరుతాయి. పుండుగా ఉన్న చెవిలో స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. చెవి వెంట్రుకలు పీకించడం నాకు నచ్చదు, ఆరోగ్యంగా ఉన్న చెవిని పీకి వాపు తెప్పించుకోవడమే అవుతుంది. గొట్టం పూర్తిగా మూసుకుపోయి మందు దిగకపోతే మాత్రం డాక్టర్ చేత కొద్దిగా తీయించండి.

కడుపుకి ఇంట్లో టాబ్లెట్ అడిగారు. నా జవాబు, పరీక్షలయ్యేదాకా ఏమీ వద్దు. వాంతి ఆపే మందు వాంతిని దాస్తుంది, అడ్డుపడిన గుడ్డముక్కని తీసేయలేదు. మనుషుల నొప్పి మాత్రలు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఏదీ సగం ముక్క కూడా వద్దు. పారాసిటమాల్ కూడా సొంతంగా ఇవ్వకండి. మనుషుల సిరప్‌లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, అది కుక్క రక్తంలో చక్కెరని పడగొట్టి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వెనక కాళ్ళ వణుకు కీళ్ళనొప్పి అనుకుని ఎవరైనా మెలోక్సికామ్‌ గానీ కార్ప్రొఫెన్ గానీ ఇవ్వబోతే, పోయినసారి ఇంజెక్షన్‌లో స్టెరాయిడ్ ఉందేమో చూడమనండి. ఈ రెండు రకాల మందులూ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారుతుంది. ఇంకెప్పుడైనా మెలోక్సికామ్ ద్రవం వాడాల్సి వస్తే సీసా మీద బలం చూడండి. మిల్లీలీటరుకి 1.5 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 0.5 ఉండేది ఇంకోటి. 0.5 సీసాకి ఇచ్చిన సిరంజి గీతని 1.5 సీసాకి వాడితే మూడింతలు పోసినట్టు.

బరువు గురించి ఒక మాట. ఈ జాతి ఆడకుక్క 16 నుంచి 23 కిలోలు, మగది 19 నుంచి 27. లోపలి మెత్తటి పొర లేని ఒంటిపొర ఉంగరాల జుట్టు అవడంతో రెండు కిలోలు తగ్గినా కంటికి కనబడదు. మణి స్నానానికి తడిపితే గానీ పక్కటెముకలు తేలాయని మాకు తెలియలేదు. మీరు చెప్పిన 19 ఎప్పటిది? మూడు వారాల క్రితం తూచిందైతే ఇవాళ మళ్ళీ తూచండి, పైన చెప్పిన డోసులన్నీ కిలో లెక్కలే.

ఈత ప్రస్తుతానికి ఆపండి. సోడియం తక్కువగా ఉన్న కుక్క బంతి కోసం దూకుతూ నీళ్ళు మింగితే సోడియం ఇంకా పలచబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలే అలా గంటలకొద్దీ మింగి తూలిపోయి ఫిట్స్‌దాకా వెళ్తాయి. సముద్రపు నీళ్ళయితే దానికి వ్యతిరేకం, ఉప్పు ఎక్కువై ప్రమాదం. తర్వాత మొదలుపెట్టాక కూడా పది పదిహేను నిమిషాలకోసారి బయటికి పిలిచి మంచినీళ్ళు పెట్టండి, పచ్చటి నురగో రంగు పొరో తేలుతున్న చెరువులోకి అసలు దింపకండి, నీలిఆకుపచ్చ నాచు విషం కొన్ని గంటల్లో ప్రాణం తీస్తుంది. నీళ్ళలో తిరిగే కుక్కకి లెప్టోస్పైరోసిస్ టీకా తప్పనిసరి, రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆపైన ఏడాదికోసారి. అది మనకీ అంటుకునే జబ్బు. దానిలోనూ వాంతులు, నీరసం, కిడ్నీ అంకెలు పెరగడం ఉంటాయి కాబట్టి టీకా ఎప్పుడు వేయించారో డాక్టర్‌కి చెప్పండి. పిడుదులకి మెడ మీద పోసే మందు తరచూ ఈదే కుక్కకి తొందరగా పోతుంది, నోటి టాబ్లెట్లు నయం. అయితే ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ లాంటి ఆ కుటుంబం మందులతో ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. ఎక్కువ కుక్కలకి ఇబ్బంది ఉండదు. మీ దానికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

డీఎన్‌ఏ పరీక్షలన్నీ క్లియర్ అని పెంపకందారు రాసిచ్చారని మీరు చివర్లో అన్నారు. మంచిదే, కానీ అందులో అడిసన్స్ లేదు. ఈ జాతికి చేసే పరీక్షల్లో ముఖ్యమైనవి రాత్రి చూపు మందగించడంతో మొదలై గుడ్డితనానికి దారితీసే పీఆర్‌ఏ, పిల్లల్లోనే ప్రాణం తీసే జీఎం1 గ్యాంగ్లియోసిడోసిస్, సుమారు ఆరు వారాల నుంచి ఏడు నెలల లోపు గుండె ఉబ్బి చనిపోయే జువెనైల్ కార్డియోమయోపతీ. ఇవన్నీ తల్లి నుంచొకటి తండ్రి నుంచొకటి రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే వస్తాయి, కాబట్టి తేల్చడం సులువు. అడిసన్స్ అలా కాదు. యూటా విశ్వవిద్యాలయం వాళ్ళ జార్జీ ప్రాజెక్టు ఈ జాతి మీదే ఏళ్ళ తరబడి పనిచేసి 12, 37 క్రోమోజోముల్లో సంబంధం ఉన్న చోట్లు గుర్తించింది, కానీ ఫలానా కుక్కకి వస్తుందో రాదో చెప్పే పరీక్ష లేదు. పోర్చుగల్ తీరంలో జాలరులతో పడవల్లో తిరిగి, చేపల్ని వలల్లోకి తోలి, ఒక పడవ నుంచి ఇంకో పడవకి కబురు మోసిన ఈ జాతి దాదాపు అంతరించిపోతుంటే 1930ల్లో వాస్కో బెన్సౌడే అనే ఆయన కొద్ది కుక్కలతో మళ్ళీ నిలబెట్టారు. అంత తక్కువ కుక్కల నుంచి వచ్చిన సంతానం కాబట్టి ఇలాంటివి వంశంలో నిలిచిపోతాయి. పెంపకందారుకి ఫోన్ చేసి తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా అడిసన్స్ ఉందా అని నేరుగా అడగండి. ఉందంటే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన సమాచారమే.

రేపు పొద్దున్న వెళ్ళేటప్పుడు ఇంజెక్షన్ల పేర్లున్న కాగితం, ఇవాళ్టి నాడి, ఇవాళ్టి బరువు, తాజా మలం ఒక డబ్బాలో, టీకాల పుస్తకం పట్టుకెళ్ళండి. "ఎలక్ట్రోలైట్లు, విశ్రాంతి కార్టిసాల్ చూడండి, రక్తం తీసేదాకా స్టెరాయిడ్ వద్దు" అని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. ఈ రాత్రి దాన్ని మీ గదిలోనే పడుకోబెట్టుకోండి. మధ్యలో మెలకువ వస్తే చెవి ముట్టుకుని చూడండి, చల్లబడిందనిపిస్తే తొడ దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టండి. 60 లోపు వచ్చి, నిద్ర లేపినా డల్‌గానే ఉంటే, వెంటనే బయల్దేరండి.